దళసరి తాండ్ర

ఇప్పలకోన అడవి నిండా మామిడిచెట్లే. ఎండాకాలం వచ్చిందంటే అక్కడి ఎలుగుబంట్లు, ఏదుపందులు, కుందేళ్లు, ఉడుతలు అన్నీ మూతికి పసుపు పూసుకున్నట్టు తిరిగేవి. తినగా మిగిలిన పళ్లు నేలరాలి ఈగల పాలయ్యేవి. ఆ వెనకే వానాకాలం దిగేది. అప్పుడు మాత్రం నోట్లోకి ఏమీ దొరక్క అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

ఈ బాధ తీర్చింది పొన్నమ్మ. పొన్నమ్మ అంటే బెట్టుడుత, చెట్ల మీదే కాపురముండే పెద్ద ఉడుత. అడవిలో అందరికీ ఆమె అత్త వరస.

గుట్ట మీది నల్లబండలో ఒక గూడు ఉంది. ఎండకు బండ కాగి, గూడు లోపల పొయ్యి పక్కన కూర్చున్నంత వెచ్చగా ఉండేది. దానికి కింద ఒక సందు, పైన ఒక కన్నం. గాలి సందులోంచి దూరి, లోపలి తడినంతా మోసుకుని కన్నంలోంచి బయటికి పోయేది. పొన్నమ్మ ఆ గూట్లో వెదురుపుల్లలు అంతస్తులుగా అమర్చింది. టేకాకుల మీద మామిడి రసం పూసి ఆ పుల్లల మీద ఆరబెట్టింది. ఒక పొర ఆరాక దాని మీద ఇంకో పొర. అలా తయారైంది మామిడి తాండ్ర. చుట్టి దాచుకుంటే వానాకాలమంతా చెడకుండా ఉండేది.

అప్పటినుంచి ప్రతి ఎండాకాలం అందరూ వంతులవారీగా ఆ గూటిని వాడుకునేవారు. ఒక్క గుబురయ్య తప్ప.

గుబురయ్య ఎలుగుబంటి. ఒళ్లంతా జుట్టు, జుట్టంతా బద్ధకం. పోయిన ఏడు ఎండాకాలమంతా పళ్లు తిని, చెట్టు నీడన కాళ్లు చాపుకుని పడుకున్నాడు. వానలు పడ్డాక ఆకలికి తట్టుకోలేక ఇంటింటికీ తిరిగాడు. ఈటెయ్య అనే ఏదుపంది వాడిని చూసి, అందరూ వినేలా అడిగాడు.

"రా గుబురయ్యా. ఆకు నువ్వే తెచ్చుకున్నావా, నన్నే వెయ్యమంటావా?"

చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. గుబురయ్య తల దించుకుని తాండ్ర ముక్క తిన్నాడు. ముక్క ఎప్పుడో అరిగిపోయింది కానీ ఆ మాట మాత్రం అరగలేదు.

'వచ్చే వానాకాలం ఎవరి గుమ్మమూ తొక్కను. నా తిండి నేనే తింటాను. ఆ ఈటెయ్యనే నా ఇంటికి భోజనానికి పిలుస్తాను' అని వాడు గట్టిగా అనుకున్నాడు.

అనుకున్నట్టే ఈ ఏడు కదిలాడు. అయితే బద్ధకం ఒక్కసారిగా పోతుందా? పోదు. అందరి వంతులూ అయిపోయి, మబ్బులు పట్టే వేళకు బుట్టలకొద్దీ పళ్లు మోసుకుని గుట్టెక్కాడు. వాడికి చేతకాని పనంటూ లేదు, మొదలుపెట్టడం ఒక్కటే చేతకాదు. పళ్లు పిసికాడు, పీచు తీశాడు, రసం వడకట్టాడు. రసం బంగారంలా ఉంది. చూసుకుని మురిసిపోయాడు.

పొన్నమ్మ కొమ్మ మీద కూర్చుని చూస్తోంది.

"రసం బాగుంది నాయనా. ఇప్పుడు పల్చగా పూయి. రసం కింద ఆకు ఈనె కనిపించాలి. అంతే మందం."

"ఈనె కనిపిస్తే అది తాండ్రేమిటత్తా, నాకిన పళ్లెంలా ఉంటుంది" అన్నాడు గుబురయ్య.

"కనిపించకపోతే లోపల ఆరదు. ఇంకో మాట, పైకన్నం ఎప్పుడూ మూయకు."

గుబురయ్య తలూపాడు. వాడి తల ఒప్పుకుంది కానీ మనసు ఒప్పుకోలేదు. పల్చటి తాండ్ర చూస్తే ఈటెయ్య ఏమంటాడు? మళ్లీ నవ్వడూ? అడవిలో ఎవరూ చూడనంత దళసరి తాండ్ర చెయ్యాలి. అది చూసి వాడి నోరు మూతపడాలి. ఇలా ఆలోచించి, పొన్నమ్మ అటు వెళ్లగానే రసమంతా ఒకే పెద్ద ఆకు మీద అరచేయి మందాన కుమ్మరించాడు. ఈనె కాదు కదా, ఆకే కనబడలేదు.

మర్నాడు చూస్తే తాండ్ర తడిగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. పైన మబ్బులు ముసురుకుంటున్నాయి. గుబురయ్య గూడు చుట్టూ తిరిగి పైకన్నం దగ్గర ఆగాడు. వేడంతా ఆ కన్నంలోంచే పోతోంది కదా, దాన్ని మూసేస్తే సరి అనుకున్నాడు. మెత్తటి మట్టి తెచ్చి పైకన్నం పూడ్చేశాడు.

గూడు కుతకుతలాడింది. సాయంత్రానికి తాండ్ర పైభాగం గట్టిపడి నిగనిగలాడింది. వేలు పెట్టి నొక్కాడు. అంటుకోలేదు. వాడి ఆనందానికి హద్దు లేదు. ఎవరూ చూడకముందే కన్నంలోని మట్టి తీసేసి, తాండ్రను భుజాన వేసుకుని గుట్ట దిగాడు.

దారిలో పొన్నమ్మ ఎదురైంది.

"అంచు ఎత్తి అడుగు చూశావా?"

"చూశానత్తా" అన్నాడు గుబురయ్య. చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందోనని లోలోపల వాడికి భయంగానే ఉంది.

వానలు మొదలయ్యాయి. కొన్నాళ్లకు గుబురయ్య ఈటెయ్యను భోజనానికి పిలిచాడు. అతనితో పాటు పొన్నమ్మ, కుందేళ్లు, మిగతా ఉడుతలు కూడా వచ్చాయి. గుహ మధ్యలో తాండ్ర పెట్టి గుబురయ్య గోరుతో నిలువునా చీల్చాడు.

గుప్పున పులిసిన వాసన వచ్చింది. లోపలంతా నురగ. అంచుల వెంట బూజు. పైన మెరిసే చర్మం, కింద కుళ్లిన గుజ్జు.

ఈటెయ్య ముక్కు మూసుకుని, ఏదో అనబోయి, గుబురయ్య మొహం చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం కన్నా అతను నవ్వినా బాగుండేదనిపించింది గుబురయ్యకు. వాడికి ఏడుపు వచ్చింది. వచ్చినంత ఏడ్చాడు కూడా.

అందరూ వెళ్లాక పొన్నమ్మ ఒక్కతే మిగిలింది.

"కన్నం నేనే మూశానత్తా" అన్నాడు గుబురయ్య.

"తెలుసు. కన్నం అంచుకి మట్టి అంటుకుని ఉంది" అంది పొన్నమ్మ. "ఈ వానాకాలం మా ఇంట్లో తిను. ఊరికే కాదు. కొండ వెనకాల పునాస మామిడి ఒకటి ఉంది, అది వానల్లోనే పండుతుంది. ఆ కొమ్మలు వంచి పళ్లు దింపడం నా వల్ల కాదు. నువ్వు దింపు. వాన తెరిపిచ్చి బండ వెచ్చబడినప్పుడల్లా ఒక్కో పొర వేద్దువుగాని."

గుబురయ్య ఆ వానాకాలమంతా తొక్కనన్న గుమ్మమే తొక్కాడు. పొన్నమ్మ పెట్టిన తాండ్ర తింటూ, అది ఎంత పల్చటి పొరలతో తయారైందో వేలితో ఒక్కొక్కటే విడదీసి చూసేవాడు. తెరిపిచ్చిన రోజు గుట్టెక్కి, ఈనె కనిపించేంత పల్చగా రసం పూసేవాడు. అంచు ఎత్తి చూసేవాడు. అడుగు తడిగా ఉంటే కూర్చుని ఎదురు చూసేవాడు. మొదట్లో ఆ కూర్చోవడం ప్రాణం మీదికొచ్చేది. తరువాత్తరువాత అదే బాగుండేది. బండ వెచ్చగా ఉండేది, గూట్లోంచి మామిడి వాసన వచ్చేది, కింద అడవి తడిసి పచ్చగా కనిపించేది. పని చేస్తూ కూడా ఇంత హాయిగా ఉండొచ్చని వాడికి అప్పుడే తెలిసింది.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఒకరోజు ఈటెయ్య గుమ్మంలో గుబురయ్య నిలబడ్డాడు. చేతిలో టేకాకు ఉంది.

ఈటెయ్య ఇబ్బందిగా లేచాడు. పాత మాట అతనికీ గుర్తుంది.

"ఆకు తెచ్చుకున్నాను ఈటెయ్యా" అన్నాడు గుబురయ్య. "కాకపోతే ఈసారి ఖాళీగా తేలేదు."

ఆకు మీద తాండ్ర ఉంది. ఎంతో లేదు, వేలెడు మందం. ఈటెయ్య అంచు పట్టి లాగాడు. చిరగకుండా, అంటుకోకుండా, ఆకు ఈనెల అచ్చు అడుగున పడి మొత్తం ఒక్కటిగా ఊడి వచ్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"కూర్చో" అన్నాడు చివరికి. "ఆకు నేను వేస్తాను. ఇద్దరం తిందాం."

నీతి: గొప్ప చూపించాలని తొందరపడితే పని పైకి మెరిసినా లోపల పచ్చిగానే ఉంటుంది, ఓపిగ్గా పొర మీద పొరగా చేసిన పనే ఆకలి వేళకు అక్కరకొస్తుంది.