గడప మీద నిలిచిన పాట

ఉత్తర రష్యాలో తీఖయా నది ఒడ్డున, జరేచ్యె అనే ఊళ్ళో ఒక పాత రాతి చర్చి ఉంది. అక్కడి గాయకబృందం లోపలి వేదిక మీద కాక, మంచు కురుస్తున్నా సరే, గడప మీదే నిలబడి పాడుతుంది. పైగా ప్రతి చరణంలో చివరి మాటను గొంతు తగ్గించి మరోసారి పలుకుతుంది. ఎందుకని అడగని యాత్రికులు ఉండరు.

పూర్వం ఇక్కడ పాట మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళు చర్చి తుడవవచ్చు, కొవ్వొత్తులు వెలిగించవచ్చు, వెనక తలుపు దగ్గర నిలబడి వినవచ్చు. గొంతెత్తితే మాత్రం అపచారం.

ఒక వసంతంలో మగవాళ్ళందరూ దుంగల తెప్పలతో నది దిగువకు వెళ్ళారు. ఆ సమయంలోనే రొట్టెలు కాల్చే అగాఫ్యా కూతురు ఉల్యానా కాన్పులో చనిపోయింది. పాట లేకుండా సాగనంపితే ఆత్మకు దారి దొరకదని ఆ ఊరి నమ్మకం.

"మగవాళ్ళు వచ్చేదాకా ఆగమ్మా," అన్నాడు ఫాదర్ ఇగ్నాతీ.

"నేను ఆగుతానయ్యగారూ. శవం ఆగుతుందా? మేమే పాడతాం."

"చర్చి లోపల ఆడవాళ్ళు పాడకూడదు."

"అయితే గడప మీద నిలబడతాం. అది లోపల కాదుగా!"

ఫాదర్ తలుపు తెరిచి పక్కకు తప్పుకున్నాడు. ఆడవాళ్ళు గడప మీద ఇరుక్కుని నిలబడి, చిన్ననాటి నుంచి విన్న పాటను విన్నట్టే పాడారు. ఉల్యానాను సాగనంపారు.

తెప్పలవాళ్ళు తిరిగొచ్చి, ఆ పాట వినిపించమన్నారు. వింటూనే బృందనాయకుడు ప్రోఖోర్ పగలబడి నవ్వాడు.

"పిచ్చిమాలోకాల్లారా, చివరి మాట రెండుసార్లు లేదు! అది గోపురానికి తగిలి తిరిగొచ్చే మా గొంతు. తలుపు దగ్గరున్నవాళ్ళకు విడిగా వినిపిస్తుంది. తప్పు పాటతో పంపారు పిల్లని!"

అగాఫ్యా నవ్వలేదు. "మమ్మల్ని తలుపు దగ్గర నిలబెట్టింది ఎవరు? మాదాకా వచ్చిన పాట అదే. నా బిడ్డ బతికినన్నాళ్ళూ అక్కడే నిలబడి అదే వింది. దానికి తెలిసిన పాటతోనే అది వెళ్ళింది."

ప్రోఖోర్ నవ్వు ఆగిపోయింది. తరువాతి ఆదివారం ఫాదర్, తనకు కలలో దేవమాత కనిపించి ఆ పాటను అలాగే ఉండనివ్వమని ఆనతిచ్చిందని ప్రకటించాడు. "మేం పాడేశాక వచ్చిందా కల!" అన్నారు ఆడవాళ్ళు. లోపలి వేదిక మీదికి పిలిచినా వెళ్ళలేదు. పాడాలనుకున్న మగవాళ్ళే టోపీలు తీసి గడప మీదికి వచ్చారు, అందరికంటే ఆఖరున ప్రోఖోర్.

నేటికీ ఆడా మగా అక్కడే కలిసి పాడతారు. తమవారిని కడసారి సాగనంపలేకపోయిన యాత్రికులు గడప దగ్గర వారి పేరు చెబితే చాలు. బృందం ఆ పేరును పాటలో చేర్చి గొంతెత్తి పలుకుతుంది. తరువాత, మెల్లగా, మరోసారి. ఆ రెండో పిలుపుకే గుండె బరువు దిగుతుందని వచ్చినవారందరూ చెబుతారు.