పాతరలోంచి ఊఁ

ఊఁ కొట్టాలి మరి! కొట్టకపోతే కథ ఆపేస్తా, నా సంగతి నీకు తెలుసుగా. ఆఁ, అలాగ.

అనగనగా నల్లరేగడి నేలల్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో జొన్నలు పాతరల్లో దాచుకునేవాళ్ళు. పాతరంటే నేలలో తవ్విన గొయ్యిరా. లోపల గదంత ఉంటుంది, మూతి మాత్రం మనిషి దూరేంతే.

ఓబులమ్మ అనే ఆవిడకి సుంకమ్మ అని ఒక్కతే కూతురు, నీ ఈడుదే. ఒకరోజు పొద్దున్నే ఓబులమ్మ, అడుగున మిగిలిన జొన్నలు ఊడ్చుకు రమ్మని దాన్ని పాతరలోకి దింపింది. అంతే, వానకి నానిన మూతి ధబ్బున కూలింది! గాలి ఆడేంత కంత ఒక్కటే మిగిలింది.

అప్పుడు ఊరంతా గునపాలు పట్టుకొచ్చారు. పైనుంచి తవ్వితే మట్టి పిల్లమీదే పడుతుంది. పక్కనుంచి తవ్వుదామంటే పిల్ల ఏ మూలనుందో తెలీదు, గునపం దానికే తగిలితే? దాని గొంతు వినబడుతూ ఉండాలి. "మాట్లాడవే తల్లీ" అంటే భయంతో అది నోరు మెదపదాయె.

ఓబులమ్మ కంత దగ్గర బోర్లా పడుకుని కథ మొదలుపెట్టింది. కథ చెబితే ఏ పిల్లయినా ఊఁ కొట్టకుండా ఉంటుందా? లోపల్నుంచి "ఊఁ" అంది. ఆ గొంతుకి ఎడంగా గునపాలు వేశారు.

మధ్యాహ్నానికి ఓబులమ్మ గొంతు పోయింది. ఊళ్ళోవాళ్ళంతా తవ్వుతున్నారు. అప్పుడు సంతకి పోతున్న కన్నడ పూలామె గంప దించి, తన భాషలో కథ ఎత్తుకుంది. సుంకమ్మకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అయినా ఊఁ కొట్టింది. ఆ తర్వాత ఎద్దులమ్మే హిందీ ఆయన చెప్పాడు. ఆ తర్వాత దారినపోయే ఫకీరు తాత.

ఆయన కథ సగంలో ఊఁ ఆగిపోయింది. ఓబులమ్మ కంతకి చెవి ఆనించింది. ఫకీరు తాత మాత్రం చెబుతూనే ఉన్నాడు. కాసేపటికి సన్నగా వినబడింది, "ఊఁ..."

పొద్దు వాలేవేళకి పిల్లని బయటికి లాగారు, ఒళ్ళంతా మన్ను.

"నీ ఊఁ నాకు హూ అని వినబడింది. మా మాటల్లో హూ అంటే పువ్వు" అని వచ్చీరాని తెలుగులో చెప్పి, పూలామె దాని జడలో మల్లెలు తురిమింది.

"మాకు హూఁ అంటే ఉన్నాను అని. పొద్దుట్నుంచీ ఉన్నాను, ఉన్నాను అంటూనే ఉందమ్మా నీ కూతురు" అన్నాడు ఎద్దులాయన.

ఫకీరు తాత ఆకాశంకేసి చూపించి, "మేం ఆయన్నే హూ అని పిలుస్తాం" అన్నాడు.

ఓబులమ్మ ముగ్గురి కాళ్ళకీ దణ్ణం పెట్టింది. "మీవన్నీ నిజమే సాములారా! నాకు మాత్రం అది నా బిడ్డ ఊపిరి" అని పోయిన గొంతుతోనే భోరుమంది.

ఆ సుంకమ్మ ఎవరనుకున్నావు? మా అమ్మమ్మ! ఆ ముగ్గురి పేర్లయినా మనకి తెలీవురా. వాళ్ళు ఆగకపోయుంటే నేనూ లేను, నువ్వూ లేవు. ఎక్కడివాళ్ళో, వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలి. దణ్ణం పెట్టు.

ఏరా, వింటున్నావా? నిద్రపోయావా?

ఆఁ, ఊఁ అన్నావు. నా తండ్రే, నాకది చాలు.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
ఊఁ కొట్టిన నోటికి
వెన్నముద్ద పొద్దుటికి!