తవిటయ్య మాస్టారి కూత

చెడుగుడు చూసినవాళ్లు ముందుకు రండి. ఏం చూశారో చెప్పండి. నలుగురిని ఈడ్చుకుంటూ గీత దాటినవాణ్ణి చూశారు. వాణ్ణి భుజాలకెత్తుకుని ఊరేగించినవాళ్లని చూశారు. ఎవరినీ తాకకుండా, ఉత్త చేతులతో, ఊపిరి అయిపోయే లోపు తన గడిలోకి వచ్చి పడ్డవాణ్ణి చూశారా? చూసుండరు. వాడి వంక ఎవరూ చూడరు. చూసిన మనిషి ఒక్కడున్నాడు. ఆయన కథ వినండి.

మీ తాతలకి తాతలు మొలతాడుతో తిరిగిన కాలం అది. కొండకీ ఏటికీ నడుమ ఒక ఊరు. ఊరికి ఒక బడి. బడికి ఒక బావి. ఆ బళ్లో డ్రిల్లు మాస్టారు తవిటయ్య. మనిషి బక్కపలచన. ఒక నిక్కరు, ఒక ఈల, భుజాన ఒక తువ్వాలు, అంతే ఆయన ఆస్తి. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలో బూడిద అడిగి తెచ్చి, ఆటస్థలంలో గీతలు తన చేత్తోనే పోసేవారు.

ఆ ఊరికి ఒక పాడు రోషం ఉండేది. కూతకెళ్లినవాడు ఎవరినో ఒకరిని తాకకుండా తిరిగొస్తే తలవంపులు. ఇంటికెళ్తే అమ్మ కూడా కంచం ముందు దెప్పేది. అందుకని పిల్లలు ఊపిరి చాలకపోయినా ఎదుటి గడిలోనే పెనుగులాడి దొరికిపోయేవారు. అది చూస్తే తవిటయ్య మాస్టారికి ఒళ్లు మండేది.

"కూత ఉండగానే గీత దాటి రా. ఉత్త చేతులతో వచ్చినా వచ్చినట్టే," అనేవారు.

గెలిచి వచ్చినవాడి వీపు తట్టి ఊరుకునేవారు. ఉత్త చేతులతో వచ్చినవాడి మొహం తన తువ్వాలుతో తుడిచేవారు.

"అదేటి మాస్టారూ, గెలిచినోడికి తుడవరా?" అని ఒకరోజు అసిరమ్మ అడిగింది.

"వాడికి ఊరంతా ఉంది కదమ్మా," అన్నారు ఆయన.

అసిరమ్మ ఆ బళ్లో కూతకెళ్లిన మొదటి ఆడపిల్ల. ఆమె కూత పెడితే ఏటి అవతల మేకలు మేత మానేసి తలలెత్తేవి.

బడి అయిపోయినా మాస్టారు పిల్లల్ని వదిలిపెట్టలేదు. అసిరమ్మ పెద్దదై గోనెమిల్లులో చేరింది. కూలి పెంచమని మిల్లు జనం సమ్మె కట్టారు. పస్తులున్నారు, దెబ్బలు తిన్నారు, చివరికి ఓడిపోయి తలలు దించుకుని పనిలోకి నడిచారు. ఆ పొద్దు గేటు దగ్గర అంబలి కుండతో నిలబడింది ఎవరు? తవిటయ్య మాస్టారు. ఆమె తమ్ముడు పోలినాయుడు పటాలంలో చేరతానని డప్పు కొట్టించుకుని వెళ్లి, ఛాతీ చాలక తిరిగొచ్చాడు. రైలు దిగేసరికి ఎదురుగా ఉన్నది ఎవరు? తవిటయ్య మాస్టారు. ముత్యాలు పట్నంలో పని దొరక్క, ఊళ్లోకి రావడానికి మొహం చెల్లక, పొలిమేరలో జీడితోటలో దాక్కున్నాడు. వెతికి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది ఎవరు? తవిటయ్య మాస్టారే. ముగ్గురితోనూ ఒకటే మాట. ఉత్త చేతులతో వచ్చినా వచ్చినట్టే.

ఆ ముత్యాలునే తర్వాత అసిరమ్మ మనువాడింది.

ఏటా బడి తెరిచే ముందు పాత పిల్లలంతా బళ్లో చేరేవారు. కొత్తగా వచ్చే పిల్లలకి మంచినీళ్లు ఉండాలని బావిలో పూడిక తీసేవారు. ఆ రోజున మాస్టారికి ఒక చాదస్తం. దిగేవాడు నడుముకి తాడు కట్టుకోవాలి. దిగినంతసేపూ చెడుగుడు, చెడుగుడు అంటూనే ఉండాలి. పైనున్నవాళ్లు కిక్కురుమనకుండా వినాలి. కూత ఆగిందా, మాట లేకుండా తాడు లాగెయ్యాలి. ఎందుకని అడిగితే, "అడుగున గాలి మంచిదో కాదో నీకు తెలుసా? నాకూ తెలీదు. అందుకే," అనేవారు. ఊరు నవ్వేది. నవ్వేవాళ్లకి ఏం పోయింది?

ఒక చలికాలం మాస్టారు నిద్రలోనే పోయారు. పాత పిల్లలే మోశారు.

ఎండాకాలం వచ్చింది. మాస్టారు లేని మొదటి పూడిక. అందరూ చేరారు. ముత్యాలు పార తీసుకుని బావి గట్టెక్కాడు.

"తాడు కట్టుకో. కూత పెట్టు," అంది అసిరమ్మ.

"మనకి పిల్లలు పుట్టారు, ఇంకా కూతలేటే? జనం నవ్విపోతారు," అని ముత్యాలు గోడ రాళ్లు పట్టుకుని దిగిపోయాడు. పైన అందరూ కబుర్లలో పడ్డారు. ఎవరి మావిడికాయలు ఎంత పులుపో తేల్చుకుంటున్నారు.

అసిరమ్మకి ఏదో వెలితిగా తోచింది. పార చప్పుడు లేదు. వంగి చూసింది. అడుగున మోకాలి లోతు బురద. గోడకి చేరగిలబడి ముత్యాలు. పిలిచింది. పలకలేదు.

పోలినాయుడు చూశాడు. "బావా," అంటూ గట్టు మీంచి కాలు లోపల పెట్టాడు. అసిరమ్మ వెనకనుంచి వాడి చీలమండ దొరకబుచ్చుకుంది. చెడుగుడులో పట్టినట్టే పట్టింది. పోలినాయుడు గట్టు మీద బోర్లా పడ్డాడు.

"వొదులప్పా, బావ చచ్చిపోతాడు."

"నువ్వు దిగితే ఇద్దరు చస్తారు. నీ వెనక ఇంకొకడు దిగుతాడు. ముగ్గురు చస్తారు. కింద గాలి పాడైపోయిందిరా. అది పీల్చకూడదు. ఒక్క ఊపిరితో వెళ్లి అదే ఊపిరితో రావాలి. అది మనకొచ్చిన పనే కదా."

నడుముకి ఒక తాడు బిగించుకుంది. ఉచ్చు వేసిన తాడు ఇంకొకటి చేత పట్టుకుంది. రెండు తాళ్లూ గిలకల మీద వేశారు.

"కూత సన్నగిల్లితే లాగండి. వింటారా?"

"వింటాం," అన్నారు.

మొదటిసారి దిగింది. చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు. అడుగు తగిలింది. మసక వెలుతురులో తడిమింది. ముత్యాలు భుజం చేతికి దొరికింది. వెచ్చగా ఉంది. ఉచ్చు వేద్దామంటే అతని చెయ్యి లేవదు, బురదలో కూరుకుపోయి ఉంది. గుండెలో గాలి అయిపోవస్తోంది. ఇంకొక్క క్షణం ఉందామనిపించింది. ఆ క్షణంలోనే కదా అందరూ దొరికిపోయేది. భుజం వదిలేసింది. కూత సన్నగిల్లింది. పైవాళ్లు లాగారు.

ముత్యాలు తల్లి నూకాలమ్మ గట్టు మీంచి వంగి అంతా చూసింది. "తాకి కూడా వొదిలేసి వొచ్చీసినావేటే? నా కొడుకుని అక్కడే వొగ్గీసినావా?" అని కోడలి మీదికి వచ్చింది.

"ఉత్త చేతులతో వచ్చానత్తా. వచ్చాను కాబట్టే మళ్లీ వెళ్తాను," అంది అసిరమ్మ.

గుండెల నిండా గాలి పీల్చి రెండోసారి దిగింది. చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు. బురదలోంచి చెయ్యి పీకింది. ఉచ్చు ఒక భుజానికి పట్టింది, రెండోదానికి జారిపోయింది. మళ్లీ ఉత్త చేతులే. ఈసారి నూకాలమ్మ కొంగుతో కోడలి మొహం తుడిచి, "ఊపిరి తీసుకోమ్మా," అంది.

మూడోసారి దిగింది. కూత బొంగురుపోయింది. చెడుగుడు అనడానికి నోరు తిరగలేదు. తవిటయ్య, తవిటయ్య, తవిటయ్య అంది. పైన ఒక్కరూ దగ్గలేదు. ఒక్కరూ కాలు కదపలేదు. ఉచ్చు చంకల కిందికి దిగింది. బిగిసింది. కూత సన్నగిల్లింది. రెండు తాళ్లూ ఒక్కసారి లేచాయి.

ముత్యాలుని గట్టు మీద పడుకోబెట్టారు. నీళ్లు కొట్టారు. గుండె రుద్దారు. తువ్వాళ్లతో విసిరారు. ఎంతసేపో ఎవరికీ తెలీదు. అప్పుడు దగ్గాడు. కళ్లు తెరిచి చుట్టూ ఉన్న మొహాలు చూశాడు.

"పార కిందే ఉండిపోయింది," అన్నాడు.

"నిన్ను కన్నానా, పారని కన్నానా," అంది నూకాలమ్మ. అంటూనే ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు అందరికీ నవ్వొచ్చింది. ప్రాణం అంత తేలికపడ్డ నవ్వు ఆ ఊరు మళ్లీ నవ్వలేదంటారు. పోలినాయుడు మాత్రం చీలమండ పట్టుకుని, "అప్పా, ఎముక విరిగిందేమో చూడు," అని మూలిగాడు. విరగలేదు. అసిరమ్మ గోడకి ఆనుకుని గాలి పీలుస్తూ కూర్చుంది. ఆ రోజు గాలి ఆమెకి తియ్యగా ఉంది.

ఆ పార ఇప్పటికీ ఆ బావిలోనే ఉందట. ఎవరూ దాని కోసం దిగలేదు.

మాస్టారికి ఆ ఊళ్లో గుడి లేదు, బొమ్మ లేదు. కానీ కొండకీ ఏటికీ నడుమ ఏ బావిలో దిగినా, పైవాళ్లు "వింటాం" అనేదాకా దిగేవాడు కాలు కదపడు. దిగుతూ తవిటయ్య, తవిటయ్య అని కూత పెడతాడు. కూత వినబడినంతసేపూ తగువులాడుకునేవాళ్లు తగువు ఆపుతారు, చంటిపిల్లకి తల్లి రొమ్మిస్తుంది. పురిటికి వెళ్లే ఆడపిల్లకి, పరీక్షకెళ్లే పిల్లాడికి, పని వెతుక్కుంటూ రైలెక్కేవాడికి అక్కడివాళ్లు గెలిచి రమ్మని చెప్పరు. "వింటాం, వెళ్లి రా," అంటారు.

మీ ఇంట్లోంచి కూడా రోజూ ఎవరో ఒకరు అలాంటి బావిలోకి దిగుతూనే ఉంటారు. వాళ్ల కూత సన్నగిల్లితే, పైనున్న మీకు వినబడుతుందా?