మడతకత్తి కొక్కెం

పూర్వం ఒక కోట పక్కన మంగిలమ్మ అనే ముసలి కమ్మరి ఒంటరిగా ఉండేది. ఆమె కొలిమి స్థలంపై కోట అధికారి కన్నుపడింది. తెరిచిన తన మడతకత్తిని మడతపడకుండా నిలిపి ఉంచే కొక్కెం విరిగితే, ఆయన ఆ కత్తిని ఆమెకే బాగుచేయమని ఇచ్చాడు.

మర్నాడు భటులతో వచ్చి కత్తి తీసుకున్నాడు. దాన్ని తెరిచి, మాటమాటకీ కత్తి వెన్నుతో దాగలి ఇనుప దిమ్మె మీద కొడుతూ, "కొక్కెం వెయ్యడమే మరిచావు ముసలీ! మతిలేనిదానికి కొలిమెందుకు? ఖాళీ చెయ్యి!" అన్నాడు.

"కొక్కెం లేకుంటే మొదటి దెబ్బకే కత్తి మడతపడి మీ వేళ్లు తెగేవి దొరా. ఐదూ ఉన్నాయా?"

భటులు నవ్వారు. అధికారి గిరుక్కున తిరిగి నడిచాడు.

మంగిలమ్మ గుమ్మందాకా వెళ్లి కేకేసింది. "రేపు ఇంకో వంకతో రండి దొరా! నాతో మనిషి మాట్లాడి నెలయింది."