తిప్పక్క తిప్పి కట్టిన చెయ్యి

అనగనగా అని నేనంటాను. ఊ అని మీరనాలి. మీరు ఊ కొడితేనే నా కథలో బొమ్మ కదులుతుంది, లేకపోతే తోలుముక్కలా పడుంటుంది. మీ ఇష్టం మరి.

ఊ అన్నారు కదా! ఇక వినండి.

అనగనగా, మీ తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, ఊరూరా తిరిగే తోలుబొమ్మల మేళం ఒకటుండేది. దాని పెద్ద ఖండోజి. మనిషి మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీదుంటుంది. తెర వెనక నిలబడి గొంతెత్తాడంటే పొలిమేర అవతల కుక్కలు లేచి కూర్చునేవి. ఆ మేళంలోనే తిప్పక్క అని ఒక ముసలామె ఉండేది.

తిప్పక్కది బొంగురు గొంతు. బొమ్మను ఆడించాలంటే పాడాలి, పలకాలి. ఆ గొంతుతో రాణి మాట్లాడితే జనం జడుసుకుంటారని ఆమె చేతికి ఎవరూ బొమ్మ ఇవ్వలేదు. ఆమెకు రెండే పనులు. పగలు బొమ్మలకు కాళ్ళూ చేతులూ తలలూ దారాలతో ముడేసి కట్టాలి. ఆట మొదలయ్యాక తెర వెనక చెక్కపలక మీద మడమతో తొక్కాలి. గుర్రం వస్తే టకటక. యుద్ధమొస్తే దడదడ. నవ్వుతారేమో, ఆ తొక్కుడు లేకపోతే యుద్ధం యుద్ధంలా ఉండదు నాయనా, పెళ్ళి చూపుల్లా ఉంటుంది!

బొమ్మకు ముడెయ్యడం అంటే మాటలు కాదు. బిగిస్తే చెయ్యి వంగదు, వదిలేస్తే వేలాడుతుంది. తిప్పక్క ముడి అటూ ఇటూ కాకుండా సరిగ్గా పడేది. అదంతా కళ్ళు బాగున్నప్పటి సంగతి. ముసలితనంలో కళ్ళకు పొర కమ్మింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతుంది? మొగుడు లేడు, బిడ్డలు లేరు. మేళం పొమ్మంటే తలదాచుకోను చోటు లేదు. తడిమి తడిమి కట్టడం మొదలుపెట్టింది.

ఒక ఊళ్ళో ఆటలో రాజుగారి ఏనుగు తెర మీదికొచ్చింది. తొండం వెనకుంది! తోక మూతి దగ్గరుంది! ముందుకు నడుస్తుందో వెనక్కి నడుస్తుందో ఏనుక్కే తెలీదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఖండోజి మాత్రం నవ్వలేదు.

"ముడి తప్పితే ముద్ద తప్పుతాది అక్కా! ఇది ఒకటి. మూడైతే నీ మూట నువ్వు కట్టుకోవాల్సిందే."

"కట్టుకుంటాలే నాయనా" అంది తిప్పక్క.

ఇంకో ఊళ్ళో రాణిగారు సిగ్గుపడుతూ వచ్చి తల తిప్పింది. ఇంతింత మీసాలు! రాజు తల రాణికి కట్టింది తిప్పక్క. జనం ఈలలే ఈలలు. ఖండోజి మాత్రం నవ్వలేదు.

"ముడి తప్పితే ముద్ద తప్పుతాది అక్కా! ఇది రెండు."

ఆ మాటతో ముసలిది తింటున్న రాగిసంగటి ముద్ద పక్కన పెట్టేసింది. ఇంకొక్క ముడి తప్పితే బతుకు వీధిన పడుతుంది.

సరే. తిరిగి తిరిగి మేళం ఎర్రవంక, నల్లవంక అనే రెండూళ్ళ మధ్య బీట్లో, పంట వెయ్యని ఖాళీ నేల మీద, దిగింది. ఆ రెండూళ్ళకీ ఉప్పూ నిప్పూ. గొడవ ఎందుకు మొదలైందో వాళ్ళకే గుర్తులేదు. ఒకరు పొట్టేలు అంటారు, ఒకరు కాలవ అంటారు, ఇంకొకరు కోడిపుంజు అంటారు. తలలు పగలడం మాత్రం ఏటా తప్పదు.

రెండూళ్ళ పెద్దలూ వచ్చి ఒకే మాట అన్నారు. "అన్నదమ్ముల యుద్ధం ఆడాల ఖండోజీ. అన్నరాజు మావాడు" అన్నారు ఎర్రవంకోళ్ళు. "తమ్ముడురాజు మావాడు" అన్నారు నల్లవంకోళ్ళు.

ఖండోజి తల పట్టుకున్నాడు. ఎందుకంటే ఆ కథలో చివరికి అన్న కత్తెత్తి తమ్ముడి తల నరుకుతాడు. పెద్దలు కట్టిన కథ, మార్చకూడదు. నరికితే నల్లవంక లేస్తుంది. నరక్కపోతే ఎర్రవంక లేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

పొద్దుగూకింది. "కానీండి, కానీండి" అని జనం తొందర. ఆ తొందరలో, ఆ మసక వెలుగులో తిప్పక్క అన్నరాజుకు చేతులు కట్టింది. కత్తి చెయ్యి ముందుకుండాలి, ఉత్తచెయ్యి వెనకుండాలి. తిప్పక్క తిప్పి కట్టింది. కత్తెత్తే దాకా ఆ తేడా ఎవరికీ తెలీదు. కావాలనే కట్టిందని కొందరంటారు. వాళ్ళ మాట నమ్మకండి. తప్పే! శుద్ధ తప్పు! నేనెందుకు అబద్ధం చెప్పాలి?

తెర వెనక దీపాలు వెలిగాయి. ఎర్రవంక ఈ పక్క, నల్లవంక ఆ పక్క. అందరూ కంబళ్ళు కప్పుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. కంబళ్ళ కింద కర్రలు!

అన్నరాజు వచ్చాడు. ఎర్రవంక కేక! తమ్ముడురాజు వచ్చాడు. నల్లవంక కేక! మాటకు మాట. బాణానికి బాణం. మద్దెల మోగుతోంది, తాళాలు గణగణమంటున్నాయి, తిప్పక్క మడమ చెక్క మీద దడదడ దడదడ! నేల అదురుతోంది. జనం మోకాళ్ళ మీద లేచారు. కంబళ్ళు జారాయి. కర్రలు బయటపడ్డాయి.

తమ్ముడురాజు కింద పడ్డాడు. ఖండోజి గర్జించాడు. "ఓరీ తమ్ముడా! ఇదే నీ ఆఖరి గడియ!" బొమ్మ కత్తి చేతిని ఆడించే పుల్ల పైకెత్తాడు.

కత్తి రాజుగారి వీపు వెనక్కి పోయింది.

దాంతోపాటు ఉత్తచెయ్యి ముందుకొచ్చింది. మోచేతి దగ్గర లోపలికి వంగింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ వంగింది. ఇంకోసారి ఎత్తాడు, ఇంకోసారి వంగింది. రా... రా... రా... నరకాల్సిన అన్న తమ్ముణ్ణి పిలుస్తున్నాడు!

ఖండోజి చేతిలో పుల్ల ఆగింది. మద్దెల ఆగింది. తిప్పక్క కాలు ఆగింది. పొర కమ్మిన కళ్ళకైనా తెర మీది నీడ తెలిసింది. ఇది మూడు. అయిపోయింది. ఎటూ వెళ్ళగొడతారు, ఇక భయమెందుకు? తెర బయట కర్రలు లేస్తున్న చప్పుడు వినబడుతోంది. ఏ తల్లి బిడ్డ తల పగులుతుందో! అంతే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తెర వెనక నుంచి తిప్పక్క బొంగురు గొంతు లేచింది.

"రారా తమ్ముడా! సంగటి సల్లారిపోతాంది!"

లేచిన కర్రలు లేచినట్టే ఆగాయి.

నల్లవంక ముసలమ్మ ఒకామె పకపకా నవ్వింది. "రాజులకూ సంగటేనంటనే!"

ఇక చూడాలి! ఇటు నవ్వు, అటు నవ్వు. ఖండోజి పెళ్ళాం రుక్కుబాయి చేతిలో ఉంది తమ్ముడురాజు బొమ్మ. గడుసుది! చచ్చిపోతున్న రాజును చటుక్కున లేపింది.

"నంజుకోడానికి ఏముందన్నా?"

"గోగాకు నూరిన ఊరిబిండి!" అంది బొంగురు గొంతు.

"ఎర్రగడ్డ?"

"కొరుక్కుందువు రా!"

తమ్ముడురాజు గెంతుకుంటూ వెళ్ళి అన్న పక్కన నిలబడ్డాడు. రెండూళ్ళూ ఘొల్లుమన్నాయి. నవ్వి నవ్వి కొందరికి ఏడుపొచ్చింది. ఎర్రవంకకు ఇచ్చిన నల్లవంక కూతుళ్ళు, వాళ్ళు పుట్టింట్లో విడిచొచ్చిన అన్నదమ్ములు ఎంతమంది లేరు! ఎన్నేళ్ళయిందో ఒక చోట కూర్చుని తిని! అప్పటికప్పుడు ఆ బీట్లోనే పొయ్యిలు తవ్వారు. కర్రల్లో సగం పొయ్యిలోకి పోయాయి, సగం సంగటి గెలికాయి. తలలు పగలగొట్టే పనికంటే అదే నయం కదా!

అందరూ తింటుంటే తిప్పక్క మాత్రం మూట కట్టుకుని ఖండోజి ముందు నిలబడింది.

"మూడు నాయనా" అంది.

ఖండోజి ఆమె కళ్ళలోకి చూశాడు. అప్పుడు కనబడింది అతనికి ఆ పొర. ఇన్నాళ్ళూ ఏనుగు తోకను చూశాడు, రాణి మీసం చూశాడు, అక్క కళ్ళు చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"అవునక్కా, మూడే" అన్నాడు. పొయ్యి దగ్గరికి తిరిగి కేకేశాడు. "ఒసే రుక్కూ! అక్కకు మూడు ముద్దలు పెట్టు! మనందరికంటే ముందర ఆమెకు పెట్టు!"

తిప్పక్క మూట దించి తింది. ఏడుస్తూ తింది, కడుపు నిండా తింది. బతికినన్నాళ్ళూ ఆ మేళంలోనే ఉంది, ఆ ఆట ఆడినప్పుడల్లా 'రారా తమ్ముడా' అన్న పిలుపు ఆమే పలికింది. ఒక ఎండాకాలం చెక్కపలక మీదే తల పెట్టుకుని నిద్రలో పోయింది. మోసే నలుగురిలో ఇద్దరు ఎర్రవంకోళ్ళు, ఇద్దరు నల్లవంకోళ్ళు.

అప్పట్నుంచీ ఆ సీమలో ఏ మేళమైనా సరే, అన్నరాజుకు చేతులు తిప్పే కడతారు. దానికి తిప్పక్క కట్టు అని పేరు. ఇంట్లో అన్నదమ్ములు పంపకాల దగ్గర గొంతులు పెంచితే, పెద్దవాళ్ళు ఏమీ అనరు. చెయ్యి లోపలికి వంచి చూపిస్తారు, అంతే.

ఇంకొక సంగతుంది. ఆ ఆటలో కత్తి వీపు వెనక్కి పోగానే తెర వెనక అందరూ నోరు మూసుకుంటారు. మద్దెల పలకదు, చెక్క పలకదు. తిప్పక్క మాట పలికే హక్కు మేళంలో ఎవరికీ లేదట! చూసే జనమే పలకాలి. పసిబిడ్డల నుంచి పండు ముసలోళ్ళ దాకా, సన్నగొంతు పిల్లలు కూడా గొంతు బొంగురు చేసుకుని, ఊరంతా ఒక్కసారిగా తిప్పక్క అయిపోతుంది.

ఇదిగో, నా చెయ్యి వంగింది. ఏదీ, మీరూ గొంతు బొంగురు చెయ్యండి చూద్దాం! రారా తమ్ముడా...