తలెత్తి చూసిన తీతువు

అనగనగా ఒక అడవి. వానాకాలంలో అక్కడ ఎటు చూసినా నీళ్ళే. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం వాగులూ వంకలూ ఎండిపోయి, ఒకే ఒక్క మడుగు మిగిలేది. ఆ మడుగే అందరి ప్రాణం.

మడుగు ఒడ్డున ఎవరూ ఎవరినీ వేటాడకూడదని కట్టుబాటు. పులి అయినా సరే, లేడి పక్కన నిలబడి నీళ్ళు తాగి, తన దారిన తాను పోవాల్సిందే. కానీ పిల్లలూ, దొంగచాటుగా వచ్చే దుమ్ములగొండికి కట్టుబాటు ఏం పడుతుంది? అందుకని జంతువులన్నీ కలిసి రేచుకుక్కలను బతిమాలి కాపలా పెట్టుకున్నాయి. "అందరికంటే ముందు మీరే తాగండి. మా పిల్లల్ని మాత్రం కాపాడండి" అన్నాయి. రేచుకుక్కల పెద్ద కెంపన్న సరేనన్నాడు. మంచి కాపలాయే కాశాడు. దుమ్ములగొండి మళ్ళీ ఆ చుట్టుపక్కల మొహం చూపించలేదు.

మడుగుకు ఇంకో మర్యాద కూడా ఉండేది. నీళ్ళు తాగేవాడు తలెత్తి పక్కవాడిని చూడకూడదు. చూస్తే దిష్టి తగులుతుందని పెద్దలు పెట్టిన మాట. వినడానికి బాగానే ఉంది కదూ? ఆ మర్యాదే చివరికి కొంప ముంచింది.

ఎలాగంటారా? చెబుతా వినండి.

మడుగుకు కొంచెం ఎడంగా, గులకరాళ్ళ మధ్య, చుక్కమ్మ అనే తీతువుపిట్ట కాపురం ఉండేది. తీతువులు కొమ్మల మీద గూడు కట్టవు, నేల మీదే గుడ్లు పెడతాయి. చుక్కమ్మ గుడ్లు అచ్చం గులకరాళ్ళలాగే ఉండేవి. అందరూ చూసుకోకుండా వాటి మీదికి వచ్చేసేవాళ్ళే. పోలయ్య అనే కుందేలు మాత్రం ఎంత తొందరలో ఉన్నా ఆగేవాడు. "అక్కా, ఈసారి గుడ్లు ఎక్కడ పెట్టావే?" అని అడిగి, చుట్టూ తిరిగి పోయేవాడు. అందుకే చుక్కమ్మకు పోలయ్య అంటే తోడబుట్టినవాడికంటే ఎక్కువ.

మిగతావాళ్ళకు చుక్కమ్మ అంటే వేళాకోళం. చీమ చిటుక్కుమన్నా కెవ్వున అరిచేది మరి! "ఆకాశం మీద పడుతుందని కాళ్ళు పైకెత్తి పడుకునే జాతి నీది" అని అడవిపంది ఆటపట్టించేవాడు. కొందరైతే ఆమె అరుపే అపశకునం అనేవాళ్ళు. చుక్కమ్మ పట్టించుకునేది కాదు. అరవడం ఆమె పని, అంతే.

ఒకరోజు పోలయ్య చెవి చీలి, రక్తం కారుతూ వచ్చాడు.

"అయ్యో తమ్ముడూ, ఏమైందిరా?"

"దుడుకన్న కరిచాడక్కా. వరుస తప్పానంట. ముసలి జింక నిలబడలేకపోతుంటే ముందుకు పొమ్మన్నాను, అంతే."

దుడుకన్న అంటే కాపలాలో కొత్తగా చేరిన కుర్ర రేచుకుక్క. ఒంట్లో బలమూ కొత్తే, చేతిలో అధికారమూ కొత్తే. రెండూ ఒకేసారి వస్తే ఎవరికైనా తల తిరుగుతుంది.

చుక్కమ్మ పోలయ్యను వెంటబెట్టుకుని కెంపన్న దగ్గరికి వెళ్ళింది. కెంపన్న దుడుకన్నను పిలిచి అడిగాడు.

"నేనెందుకు కరుస్తాను? తుమ్మముల్లు గీసుకుని ఉంటుంది" అన్నాడు దుడుకన్న.

"ఎవరైనా చూశారా?" అని కెంపన్న అందరినీ అడిగాడు.

"నేను తల వంచుకుని నీళ్ళు తాగుతున్నా" అన్నాడు అడవిపంది.

"నేనూ అంతే నాయనా" అంది ముసలి జింక.

వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. మడుగు మర్యాద అలాంటిది. అందరూ అక్కడే ఉన్నారు, ఒక్కరూ చూడలేదు.

"చూసినవాళ్ళు లేకుండా నావాడిని నేనెలా తప్పుపట్టను?" అన్నాడు కెంపన్న.

పోలయ్య చీలిన చెవి వేలాడేసుకుని ఇంటికి పోయాడు. ఆ తర్వాత మడుగు వైపు రావడం మానేశాడు. పొద్దున్నే గడ్డి మీది మంచు నాకి బతకాలని చూశాడు. ఆ ఎండలకు మంచు మాత్రం ఎంత కురుస్తుంది? రోజురోజుకీ చిక్కిపోయాడు.  ఇలాగే ఉంటే వానలు పడేదాకా పోలయ్య బతకడని చుక్కమ్మకు తెలుసు.

"కంచే చేను మేస్తుంటే చూడకపోవడం మర్యాద ఎలా అవుతుంది?" అనుకుంది.

ఆ సాయంత్రం చుక్కమ్మ నీళ్ళు తాగింది. తాగి ఎగిరిపోలేదు. ఒడ్డున ఉన్న రాయి ఎక్కి, మడుగు వైపు తిరిగి, తలెత్తి కూర్చుంది.

"సిగ్గులేదూ? తాగేవాళ్ళను చూస్తావా?" అని కసిరాడు అడవిపంది.

"తాగేవాళ్ళను కాదన్నా, కాచేవాళ్ళను చూస్తున్నా. నువ్వూ తాగాక వచ్చి కూర్చో. నీ పిల్లలూ ఈ నీళ్ళే తాగుతారు కదా?"

అడవిపంది గుర్రుమంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు మాత్రం నీళ్ళు తాగి, ఏమీ ఎరగనట్టు వచ్చి రాయి పక్కన చతికిలబడ్డాడు. తర్వాత ముసలి జింక వచ్చింది. అలా ఒకరిని చూసి ఒకరు వచ్చారు. చుక్కమ్మ అందరికీ చెప్పేది ఒకటే. "కాపలాకు అడ్డం పోవద్దు. ఎవరినీ తిట్టొద్దు. చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకోండి, చాలు."

రేచుకుక్కలకు ఒళ్ళు మండింది.

"మీ పిల్లల్ని కాపాడేది మేము. మా మీదే కాపలానా? మా మీద నమ్మకం లేదా?" అన్నాడు కెంపన్న.

"నమ్మకం ఉండబట్టే కూర్చున్నాం కెంపన్నా. లేకపోతే ఈపాటికి పారిపోయేవాళ్ళం" అంది చుక్కమ్మ.

 "కూర్చుంటే కూర్చోండి" అన్నాడు కెంపన్న.

చుక్కమ్మ వెళ్ళి పిలిచినా పోలయ్య మాత్రం రాలేదు. "మీరంతా కూర్చుంటారు సరే. అవసరం వచ్చినప్పుడు నోరు విప్పుతారో లేదో చూస్తా" అన్నాడు.

అవసరం రానే వచ్చింది. కానీ చుక్కమ్మ అనుకున్న దారిలో రాలేదు.

ఒక సాయంత్రం నక్క కుంటుకుంటూ వచ్చి గగ్గోలు పెట్టాడు. "దుడుకన్న నా కాలు కొరికేశాడు! న్యాయం చేయండి!"

అడవి అడవంతా కదిలివచ్చింది. ఎవరో చెబితే పోలయ్య కూడా పొదచాటున వచ్చి నిలబడ్డాడు. కెంపన్న రాయి దగ్గరికి వచ్చాడు.

"చుక్కమ్మా, నువ్వు ఇక్కడే ఉన్నావు. చూశావా?"

చూసింది. అదే వచ్చిన చిక్కు. నక్క నీటికోడి పిల్లల మీదికి దూకబోతే దుడుకన్న అడ్డుపడి గట్టిగా మొరిగాడు. పన్ను కూడా ఆనించలేదు. నక్క పారిపోతూ రాళ్ళలో పడి కాలు కోసుకున్నాడు.

"అవునని చెప్పెయ్! ఒక్క మాటతో పీడ విరగడవుతుంది" అని చెవిలో గొణిగాడు అడవిపంది.

చుక్కమ్మ పొద వైపు చూసింది. పోలయ్య చీలిన చెవి కనిపించింది. వాడి కళ్ళలో ఎంత ఆశ! అవును అంటే చాలు, దుడుకన్న పోతాడు. తమ్ముడు కడుపునిండా నీళ్ళు తాగుతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. 

"లేదు" అంది చివరికి. "దుడుకన్న కరవలేదు. నక్క పిల్లల మీదికి దూకాడు, దుడుకన్న ఆపాడు. నక్క తనంతట తనే పడ్డాడు."

నక్క తోక ముడిచి జారుకున్నాడు. అందరూ చుక్కమ్మ మీద విరుచుకుపడ్డారు. "నువ్వు మా వైపా, వాళ్ళ వైపా?" అన్నారు. ఆ మాటలకు ఆమె ఏడవలేదు. పోలయ్య వెనుదిరిగి పోతుంటే మాత్రం కళ్ళలో నీళ్ళు ఆగలేదు. 

ఎండలు ఇంకా ముదిరాయి. గడ్డి మీద మంచు పూర్తిగా ఆగిపోయింది. ఇక తట్టుకోలేక ఒక ఉదయం పోలయ్య మడుగుకు వచ్చాడు. వణుకుతూ వరుసలో నిలబడ్డాడు. దుడుకన్న వాడిని గుర్తుపట్టాడు.

"మళ్ళీ వచ్చావా? ముల్లు గీసుకుందని చెప్పకుండా, నా మీద చాడీలు చెబుతావా?" అంటూ మెడ పట్టి ఈడ్చి పడేశాడు.

చుక్కమ్మ కెవ్వున అరిచింది. ఒడ్డున కూర్చుని చూస్తున్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. కెంపన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"కాలు జారి పడ్డాడు" అన్నాడు దుడుకన్న.

"లేదు. పోలయ్య వరుసలోనే ఉన్నాడు. నువ్వు మెడ పట్టి ఈడ్చావు. రెండు కళ్ళతో చూశాను" అంది చుక్కమ్మ.

"నేనూ చూశాను" అన్నాడు అడవిపంది.

"నేనూ చూశా నాయనా" అంది ముసలి జింక.

"అంతా కలిసి నా మీద కక్ష కట్టారు!" అని అరిచాడు దుడుకన్న.

కెంపన్న తల అడ్డంగా ఊపాడు. "కక్షే ఉంటే ఆ రోజు నక్క మాటకు చుక్కమ్మ అవును అనేది. అడవంతా అనమన్నా అనలేదు. నిన్ను కాపాడింది ఈ నోరేరా. ఆ రోజు నిజమైన మాట ఈ రోజు అబద్ధం ఎలా అవుతుంది?"

దుడుకన్న తల దించుకున్నాడు. కెంపన్న వాడిని కాపలా నుంచి తీసేశాడు. "అందరిలాగే వరుసలో నిలబడి తాగు. నీకు కూడా ఏ అన్యాయమూ జరగకుండా వీళ్ళు చూస్తారులే" అన్నాడు. తర్వాత పోలయ్య దగ్గరికి వచ్చాడు. "చూసినవాళ్ళు ఎవరని అడిగాను కానీ, నీ చెవి వైపు నేనే సరిగా చూడలేదు. తప్పు నాది" అన్నాడు.

పోలయ్య నీళ్ళలో మూతి పెట్టాడు. తాగాడు, తాగాడు, తాగుతూనే ఉన్నాడు. చుక్కమ్మకు కడుపు నిండిపోయింది.

తాగడం అయ్యాక వాడు రాయి దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఆ రోజు నీ మీద కోపం వచ్చింది. నువ్వు అప్పుడు అబద్ధం ఆడి ఉంటే, ఈ రోజు నా నిజం ఎవరు నమ్మేవాళ్ళు?" అన్నాడు. ఆ మాట అని, గుడ్లు ఎక్కడైనా ఉన్నాయేమోనని చుట్టూ చూసుకుని, మెల్లగా రాయి ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వు వెళ్ళి తాగక్కా. నేను చూస్తుంటా."

చుక్కమ్మ మడుగులోకి దిగింది. చాలా రోజుల తర్వాత, ఏ బెదురూ లేకుండా తల వంచి, తనివితీరా నీళ్ళు తాగింది.

నీతి: మనల్ని కాచేవారిని మనమూ ఒక కంట కనిపెట్టి ఉండాలి, అయినవారికోసం కూడా అబద్ధం ఆడని నోటి మాటే అవసరానికి ఆదుకుంటుంది.