పూలపందెంలో గెలిచిన నక్క

కొండవాగు మూడు పాయలుగా దిగివచ్చి, అడవి అంతా నీళ్లు తాగే రేవు దగ్గర ఒక్కటవుతుంది. ఆ ఎండాకాలం మొదట్లో, రేవులో నీళ్లు తాగినవాళ్లకు తాగినట్టే కడుపులో తిప్పడం మొదలైంది. పుట్ట కనబడితే తవ్వందే కదలని ఎలుగుబంటి, పుట్ట పక్కనే ముడుచుకుని పడుకున్నాడు. దుప్పి పిల్ల అయితే మూడు రోజులుగా లేచి నిలబడలేదు.

"వాగమ్మ అలిగింది," అని తేల్చేశాడు నక్కబావ. "రోజూ చేపలో, గుడ్లో తెచ్చి నాకివ్వండి. అమ్మకు సమర్పించి శాంతి చేయిస్తా."

అందరూ తెచ్చారు. ఇచ్చేందుకేమీ లేని దుప్పి కూడా కొంగను బతిమాలి ఆరు చేపలు సంపాదించి, తీగకు గుచ్చి మోసుకొచ్చింది.

ఈ శాంతి ముచ్చట నమ్మనిది ఒక్క లకుముకి పిట్టే. పంతొమ్మిది రోజులు వాగు మీద ఎగిరి ఎగిరి చూసింది. పైన ఊట దగ్గర తాగినవాళ్లెవరికీ జబ్బు లేదు. నక్క గుహ ముందున్న మడుగు నుంచి వచ్చే నడిమి పాయలో చేపపిల్ల కూడా తిరగడం లేదు. ఇంకేముంది, సభ పెట్టించింది.

"సభకు నమస్కారం. నేను చేసిన నూట నలభై పరిశీలనలను మూడు వర్గాలుగా విభజించవచ్చు. అందులో మొదటి వర్గాన్ని మళ్లీ నాలుగు ఉపవర్గాలుగా..."

రెండో ఉపవర్గం దగ్గరే ఎలుగుబంటి గురక మొదలైంది. నక్క మడుగు నీళ్లే రేవుకు జబ్బు తెస్తున్నాయన్న మాట వచ్చేసరికి సగం సభ కునికిపాట్లు పడుతోంది.

"అమ్మాయీ," అన్నాడు అడవిదున్న తాత, "నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది. కానీ వింటుంటే నా నెమరు ఆగిపోయింది."

సభ గొల్లుమంది. ఇదే అదనుగా నక్కబావ లేచాడు. "నా మడుగు నీళ్లా? అవి అక్కడి రాళ్లలోనే ఇంకిపోతాయి పిల్లా! చుక్క కూడా రేవుకు రాదు. సభాముఖంగా చెబుతున్నా, రాసిపెట్టుకో! గుప్పెడంత పిట్ట, బారెడు లెక్కలు!"

లకుముకికి ఒళ్లు మండింది. నూట నలభై పరిశీలనలూ మళ్లీ మొదటి నుంచి ఏకరువు పెట్టాలని నోరు తెరిచింది. అప్పుడే రేవు వైపు చూసి కొయ్యబారిపోయింది.

దుప్పి తన పిల్ల తలను మూతితో నీళ్లలోకి నెడుతోంది. "తాగు తల్లీ. నాలుగు గుక్కలు తాగితే ఓపికొస్తుంది."

తన దగ్గర నూట నలభై లెక్కలున్నాయి. ఆ తల్లిని ఆపే మాట ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున్నే లకుముకి గాల్లో పిల్లిమొగ్గలు వేస్తూ అడవంతా చాటింది. "పూలపందెం! పూలపందెం! రేవుకు పైన ఎక్కడి నుంచైనా సరే, తలో పువ్వు వాగులో వదలండి. ముందు రేవు చేరిన పువ్వుకు నేను పట్టిన పాతిక చేపలు!"

పాతిక అనగానే నక్కబావ నోరూరింది. దున్న తాత బూరుగుపువ్వు అందుకున్నాడు. ఎలుగు మామ కడుపు పట్టుకునే తంగేడుపువ్వుతో బయల్దేరాడు. నక్కబావ మోదుగుపువ్వు కరచుకుని కనబడకుండా పోయాడు.

లకుముకి రేవు మీద చక్కర్లు కొడుతూ గొంతెత్తింది. "అదిగదిగో తాతగారి బూరుగుపువ్వు! కదలదేం? నెమరేస్తోంది! తంగేడుపువ్వు రాయికి ఒరిగి గురక పెడుతోంది, అచ్చం మామలాగే! ఆహా, నడిమి పాయలో ఎవరిదో మోదుగుపువ్వు! తోకకు నిప్పంటుకున్నట్టు ఎలా వస్తోందో చూడండి!"

కడుపునొప్పులు మరిచి అంతా ఈలలు, కేకలు. దుప్పి కూడా మెడ చాచి చూసింది. మోదుగుపువ్వు రేవును తాకింది. దాని వెనకే నక్కబావ రొప్పుతూ వచ్చాడు. "నాదే! మోదుగుపువ్వు నాదే! తీయండి చేపలు!"

"ఆగు బావా," అంది లకుముకి. "ఇంత తొందరగానా? ఈ పక్క పొదలో నక్కి విసిరుంటావు. తొండి!"

"తొండి! తొండి!" అని రేవంతా అందుకుంది.

నక్కబావకు రోషం పొడుచుకొచ్చింది. "తొండా? నేనా? నా గుహ ముందు మడుగులోంచే వదిలాను! అడవికోడి అక్కడే ఉంది, అడగండి!"

"అవును, నా కళ్లతో చూశాను," అంది అడవికోడి.

లకుముకి వచ్చి సరిగ్గా నక్క ముక్కు ముందు కొమ్మ మీద వాలింది. "చుక్క నీరు రాని చోటు నుంచి పువ్వెలా వచ్చింది బావా?"

ఈలలు ఆగిపోయాయి. దొంగకు తేలు కుట్టినట్టయింది నక్కబావకు.

అంతా నడిమి పాయ వెంట పైకి నడిచారు. మడుగులో దున్న తాత కొమ్ముతో ఒక బండను పక్కకు నెట్టాడు. గుప్పుమన్న కంపుకు ఎలుగు మామ వెనక్కి పడ్డాడు. పగిలిన గుడ్లు, ఉబ్బిన చేపలు, పురుగులు. అమ్మకని తెచ్చిన కానుకలు అక్కడే ఉన్నాయి. నక్క మొదట దాచుకున్న దొంగకూడు కుళ్లి జబ్బు తెచ్చింది. జబ్బు కానుకల్ని తెచ్చింది. తినగా మిగిలిన కానుకలు అదే బండ కింద చేరి జబ్బును పెంచాయి.

కుళ్లులో ఒక తీగ తేలింది. దానికి ఆరు చేపలు.

"ఇది నేను గుచ్చిన తీగ," అంది దుప్పి. "నా బిడ్డ తాగే నీళ్లలోకి... నా నోటితో నేనే మోసుకొచ్చానా?"

ఎలుగు మామ నక్క వైపు తిరిగాడు. "బావా, వాగమ్మ ప్రసాదమే కదా. ఒక్క గుక్క తాగు."

"నాకు... నాకు ఊటనీళ్లే అలవాటు..." నోరు జారింది. ఆ తర్వాత నక్కబావ తోక తప్ప ఇంకేమీ కనబడలేదు. దాని వెంట దున్న తాత కొమ్ములు కొండ దాటేదాకా కనబడ్డాయి.

ఊటనీళ్లతో అయిదో రోజుకు దుప్పి పిల్ల వణుకుతూ లేచి నిలబడింది.

"లకుముకీ, ఇదంతా నీకు ముందే తెలుసా?" అడిగింది దుప్పి.

"తెలుసొదినా. సభలో చెప్పాను కదా!"

"చెప్పలేదమ్మా," అంది దుప్పి, పిల్లను నాకుతూ. "పాఠం అప్పజెప్పావు."



నిజాన్ని కనిపెట్టడం సగం పనే. పక్కవాడు నవ్వుతూ దాన్ని తన కళ్లతో చూసేలా చేయడం మిగతా సగం.